పైథాన్‌లో ఎర్రర్‌ను పేరు పెట్టి పట్టుకోవడం: సమగ్ర మార్గదర్శి

ఊళ్లోని పాల కేంద్రానికి పదిహేను రోజుల బిల్లు వేసిపెట్టే చిన్న పైథాన్ స్క్రిప్టు రాస్తున్నామనుకుందాం. ఎక్సెల్ నుంచి సేవ్ చేసిన సీఎస్‌వీ ఫైలు ఒకటి ఉంటుంది. ఒక్కో వరుసలో సభ్యుల నంబరు, పేరు, పూట, లీటర్లు, ఫ్యాట్ ఉంటాయి. స్క్రిప్టు చేయాల్సిన పని వరుసలన్నీ చదివి, రేటు చార్టు ప్రకారం లెక్క కట్టి, ఎవరికి ఎంత ఇవ్వాలో చెప్పడమే.

రెండో రోజుకే ఎక్కడో ఒక ఎర్రర్ వచ్చి స్క్రిప్టు ఆగిపోతుంది. అప్పుడు చాలామంది మొత్తం కోడ్‌ను ట్రైలో (ఎర్రర్ రావచ్చనుకున్న కోడ్ ఉండే బ్లాక్) పెట్టి, కింద పేరేమీ లేని ఎక్సెప్ట్ (ఎర్రర్ వస్తే నడిచే బ్లాక్) రాసి, అందులో పాస్, అంటే ఏమీ చేయొద్దు, అని వదిలేస్తారు. స్క్రిప్టు మళ్లీ ఆగదు. కానీ ఏదో ఒక వరుసలో లీటర్ల దగ్గర "6.5 లీ" అని టైపు చేసి ఉంటే ఆ పూట పాలు లెక్కలోకే రావు. ఆ పాలు పోసినవాళ్లకు డబ్బు తక్కువ వస్తుంది, ఎందుకు తక్కువ వచ్చిందో ఎవరికీ తెలియదు. ఆగిపోయిన ప్రోగ్రామును ఎవరో ఒకరు చూసి బాగుచేస్తారు. తప్పు లెక్క చెబుతూ నడిచే ప్రోగ్రామును ఎవరూ పట్టించుకోరు. అందుకే ఈ మార్గదర్శిలో ఒకే పట్టుదల కనిపిస్తుంది: ఏ ఎర్రర్‌కు ఇక్కడ ఏం చేయాలో మనకు తెలుసో దాన్ని మాత్రమే పేరు పెట్టి పట్టుకోవాలి, మిగతావి పైకి పోనివ్వాలి.

చిన్న మాట. కింది కోడ్ ముక్కలన్నీ చదవడానికి వీలుగా తెలుగు లిపిలో ఇస్తున్నాను. పైథాన్ 3లో వేరియబుల్ పేర్లు నిజంగానే తెలుగులో పెట్టుకోవచ్చు. ట్రై, ఎక్సెప్ట్, రైజ్ లాంటి కీవర్డులు, ఎర్రర్ల పేర్లు మాత్రం ఇంగ్లీషు అక్షరాల్లోనే కొట్టాలి.

మొదటి మెట్టు: ట్రై లేకుండా నడపండి

ఏ ఎర్రర్లు వస్తాయో ఊహించి రాయడం కంటే, వచ్చినవాటిని చూసి రాయడం మేలు. ట్రై ఏదీ పెట్టకుండా అసలు ఫైలు మీద నడపండి. ఆగినప్పుడు వచ్చే ట్రేస్‌బ్యాక్‌ను కింది నుంచి చదవండి. చివరి లైనులో ఎర్రర్ పేరు, దాని సందేశం ఉంటాయి. దానిపైన ఏ ఫైలులో ఏ లైను దగ్గర ఆగిందో ఉంటుంది.

మన పాల లెక్కలో ఎదురయ్యేవి ఇవి. లీటర్ల గడిలో "6.5 లీ" అని గానీ, "4,2" అని గానీ ఉంటే, లేదా అసలు ఖాళీగా ఉంటే, రాతను దశాంశ సంఖ్యగా మార్చే ఫ్లోట్ ఫంక్షన్ వాల్యూఎర్రర్ ఇస్తుంది. వరుస మధ్యలోనే తెగిపోయి, చివరి గడులు లేకపోతే సీఎస్‌వీ మాడ్యూల్‌లోని డిక్ట్‌రీడర్ ఆ గడికి నన్ (విలువ ఏదీ లేదనే గుర్తు) ఇస్తుంది. దాన్ని ఫ్లోట్‌కు ఇస్తే వచ్చేది వాల్యూఎర్రర్ కాదు, టైప్‌ఎర్రర్. అంటే ఖాళీ గడికి ఒక ఎర్రర్, లేని గడికి ఇంకో ఎర్రర్. ఈ తేడా ఊహించి రాసేవాళ్లకు సాధారణంగా తట్టదు.

తెలుగు అంకెల సంగతి మాత్రం సంతోషం కలిగించేది. "౬.౫" అని రాసి ఉన్నా ఫ్లోట్ చక్కగా 6.5 అని చదువుకుంటుంది. అక్కడ ట్రై అక్కర్లేదు.

ఇంకొకటి గమనించండి. ఎక్సెల్‌లో యూటీఎఫ్-8 సీఎస్‌వీగా సేవ్ చేసిన ఫైలు మొదట్లో కంటికి కనిపించని ఒక గుర్తు ఉంటుంది, దాన్ని బామ్ అంటారు. ఫైలును మామూలు యూటీఎఫ్-8గా తెరిస్తే ఆ గుర్తు మొదటి కాలమ్ పేరుకు అతుక్కుంటుంది. "నంబరు" అనే కాలమ్ కళ్లెదురుగానే ఉన్నా "నంబరు" లేదంటూ కీఎర్రర్ వస్తుంది. దీన్ని పట్టుకోవడం తప్పు. ఫైలు తెరిచే ఓపెన్‌లో ఎన్‌కోడింగ్‌ను, అంటే అక్షరాలను బైట్లుగా రాసే పద్ధతిని, యూటీఎఫ్-8-సిగ్ అని మారిస్తే సమస్యే ఉండదు. ఎర్రర్ కనిపించగానే ఎక్సెప్ట్ రాయకుండా, ఇది డేటాలో లోపమా మన కోడ్‌లో లోపమా అని ముందు తేల్చుకోండి. కోడ్‌లో లోపమైతే దిద్దాలి. డేటాలో లోపమైతేనే పట్టుకోవాలి.

రెండో మెట్టు: ట్రైలో వీలైనంత తక్కువ కోడ్ పెట్టండి

ట్రై లోపల ఎన్ని లైన్లుంటే, ఆ ఎర్రర్ ఎక్కడ పుట్టిందన్న అనుమానం అంత పెరుగుతుంది. ఇది చూడండి.

    ట్రై:
        పేరు = సభ్యులు[నంబరు]
        మొత్తం = బిల్లు(లీటర్లు, ఫ్యాట్)
    ఎక్సెప్ట్ కీఎర్రర్:
        ప్రింట్("ఈ నంబరుతో సభ్యులు లేరు", నంబరు)

చూడ్డానికి బాగానే ఉంది, ఎర్రర్‌కు పేరు కూడా పెట్టాం. కానీ బిల్లు అనే ఫంక్షన్ లోపల రేటు చార్టును ఫ్యాట్‌తో వెతుకుతుంది. చార్టులో 6.3కు రేటు రాయడం మరిచిపోతే అక్కడా కీఎర్రరే వస్తుంది. అప్పుడు స్క్రిప్టు ఏళ్ల తరబడి పాలు పోస్తున్న మనిషిని పట్టుకుని "ఈ నంబరుతో సభ్యులు లేరు" అంటుంది. మనం పట్టుకోవాలనుకున్నది ఒకటి, దొరికింది ఇంకొకటి.

దీనికి మందు ఎల్స్. ట్రైలో ఎర్రర్ ఏదీ రాకపోతేనే ఎల్స్ నడుస్తుంది. ఎల్స్‌లో పుట్టిన ఎర్రర్‌ను పైనున్న ఎక్సెప్ట్ ముట్టుకోదు.

    ట్రై:
        పేరు = సభ్యులు[నంబరు]
    ఎక్సెప్ట్ కీఎర్రర్:
        తప్పులు.అపెండ్((లైను, "తెలియని నంబరు", నంబరు))
    ఎల్స్:
        మొత్తం = బిల్లు(లీటర్లు, ఫ్యాట్)

ఇప్పుడు చార్టులో 6.3 లేకపోతే స్క్రిప్టు ఆగుతుంది, ఆగాలి కూడా. రేటు లేకుండా బిల్లు వేయడం ఎవరికీ మంచిది కాదు. పైథాన్ నేర్పే చాలా పాఠాల్లో ఎల్స్‌ను ఒక్క వాక్యంలో దాటేస్తారు. నా దృష్టిలో ఎర్రర్లను ఏరి పట్టుకోవడానికి ఎక్సెప్ట్ ఎంత ముఖ్యమో ఇదీ అంతే ముఖ్యం.

మూడో మెట్టు: ఎర్రర్ల కుటుంబం తెలుసుకోండి

ఎక్సెప్ట్ పక్కన ఒక పేరు రాస్తే ఆ ఎర్రర్‌తో పాటు దాని పిల్లలన్నీ పట్టుబడతాయి. కాబట్టి ఎవరు ఎవరి పిల్లలో తెలియకుండా పేరు రాయకూడదు.

అన్నింటికీ పైన బేస్‌ఎక్సెప్షన్ ఉంటుంది. దాని కింద ఒకపక్క ఎక్సెప్షన్, ఇంకోపక్క కీబోర్డ్‌ఇంటరప్ట్, సిస్టమ్‌ఎగ్జిట్, జనరేటర్‌ఎగ్జిట్. కంట్రోల్-సి కొట్టినప్పుడు వచ్చేది కీబోర్డ్‌ఇంటరప్ట్. పేరు లేని ఎక్సెప్ట్ దీన్ని కూడా మింగేస్తుంది. లూప్‌లో అలాంటి ఎక్సెప్ట్ ఉంటే ప్రోగ్రామును ఆపాలన్నా ఆగదు. అందుకే పేరు లేని ఎక్సెప్ట్ ఎక్కడా రాయకండి.

ఎక్సెప్షన్ కింద లుకప్‌ఎర్రర్ ఉంది, దాని పిల్లలు కీఎర్రర్, ఇండెక్స్‌ఎర్రర్. జీరోడివిజన్‌ఎర్రర్ తల్లి అరిథ్‌మెటిక్‌ఎర్రర్. ఫైళ్లు, నెట్‌వర్కుకు సంబంధించినవి ఓఎస్‌ఎర్రర్ కింద ఉంటాయి: ఫైల్‌నాట్‌ఫౌండ్‌ఎర్రర్, పర్మిషన్‌ఎర్రర్, టైమ్‌అవుట్‌ఎర్రర్, కనెక్షన్‌ఎర్రర్. ఇలా విడివిడి పేర్లు 2012లో వచ్చిన పైథాన్ 3.3 నుంచే ఉన్నాయి. అంతకుముందు పెద్ద ఎర్రర్‌ను పట్టుకుని, దానిలోని నంబరు చూసి విడదీయాల్సి వచ్చేది.

వాల్యూఎర్రర్ దగ్గర కాసేపు ఆగాలి. తెలుగు డేటాతో పనిచేసేవాళ్లు తప్పకుండా తెలుసుకోవాల్సిన సంగతి ఇది: యూనికోడ్‌డీకోడ్‌ఎర్రర్ కూడా వాల్యూఎర్రర్ సంతానమే. జేసన్ చదివేటప్పుడు వచ్చే జేసన్‌డీకోడ్‌ఎర్రర్ కూడా అంతే.

విండోస్‌లో ఎన్‌కోడింగ్ చెప్పకుండా ఫైలు తెరిస్తే, చాలా కంప్యూటర్లలో పైథాన్ దాన్ని సీపీ1252 అనే అక్షరాల పట్టికతో చదువుతుంది. ఆ పట్టికలో అయిదు బైట్లకు అక్షరాలే లేవు. తెలుగులో కొమ్ము గుర్తు యూటీఎఫ్-8లో మూడు బైట్లు, వాటిలో చివరిది హెక్సాడెసిమల్‌లో 81. పొల్లు గుర్తుకు చివరిది 8డి. ఈ రెండూ ఆ లేని అయిదింటిలోనివే. అందుకే "తెలుగు" అనే మాటే అక్కడ యూనికోడ్‌డీకోడ్‌ఎర్రర్ ఇస్తుంది, ఒత్తక్షరం ఉన్న ప్రతి పేరూ ఇస్తుంది. "సీత", "కమల" లాంటి పేర్లు మాత్రం ఏ ఎర్రర్ లేకుండా పిచ్చి అక్షరాలుగా మారి లోపలికి వచ్చేస్తాయి.

ఇప్పుడు చదివే లూప్ మొత్తాన్ని ట్రైలో పెట్టి, కింద ఎక్సెప్ట్ వాల్యూఎర్రర్ రాసి, "లీటర్లు తప్పుగా ఉన్నాయి" అని ప్రింట్ చేశామనుకోండి. ఎన్‌కోడింగ్ తేడా వచ్చినా అదే సందేశం కనిపిస్తుంది. లీటర్ల కాలమ్‌లో ఎంత వెతికినా తప్పు దొరకదు. ఎన్‌కోడింగ్‌ను ప్రతిసారీ చేత్తో రాయడం మొదటి జాగ్రత్త. ట్రైను ఫ్లోట్ ఉన్న లైను వరకే పెట్టడం రెండోది. అలా పెడితే ఫైలు చదవడంలో పుట్టే ఎర్రర్ ఫర్ లైను దగ్గర వస్తుంది కాబట్టి లోపలి ఎక్సెప్ట్‌కు చిక్కదు.

ఏదైనా ఎర్రర్ పూర్వీకులెవరో చూడాలంటే పైథాన్ షెల్‌లో ఆ పేరు రాసి, చుక్క పెట్టి, ఎంఆర్‌ఓను ముందు రెండు, వెనక రెండు అండర్‌స్కోర్లతో చిన్న అక్షరాల్లో కొట్టండి. వరుసగా చూపిస్తుంది.

నాలుగో మెట్టు: ఒకటికి మించి పేర్లు, వాటి వరుస

రెండు ఎర్రర్లకూ చేయాల్సిన పని ఒకటే అయితే రెంటినీ బ్రాకెట్లలో పెట్టి ఒకే ఎక్సెప్ట్ రాయండి.

    ట్రై:
        లీటర్లు = ఫ్లోట్(వరుస["లీటర్లు"])
        ఫ్యాట్ = ఫ్లోట్(వరుస["ఫ్యాట్"])
    ఎక్సెప్ట్ (వాల్యూఎర్రర్, టైప్‌ఎర్రర్) యాజ్ ఈ:
        తప్పులు.అపెండ్((లైను, "అంకె కాదు", ఈ))
        కంటిన్యూ

ఇక్కడ కంటిన్యూతో వరుసను వదిలేస్తున్నాం, కానీ తప్పుల జాబితాలో రాసి మరీ వదిలేస్తున్నాం. చివర ఆ జాబితాను ప్రింట్ చేసి కేంద్రం వాళ్లకు చూపించాలి. జాబితా ఖాళీ కాకపోతే బిల్లు ఫైనల్ కాదు. ఇది మర్యాద కోసం చేసేది కాదు, డబ్బు లెక్క.

యాజ్ ఈ అని పట్టుకున్న పేరు ఎక్సెప్ట్ బ్లాక్ దాటగానే చెరిగిపోతుంది. తర్వాత కావాలంటే పైన చూపినట్టు లోపలే ఎక్కడైనా దాచుకోవాలి.

చేయాల్సిన పనులు వేరైతే ఎక్సెప్ట్‌లూ వేరుగా రాయాలి. పైథాన్ పై నుంచి కిందికి చూసుకుంటూ పోయి, మొదట సరిపోయిన దాంట్లోకి వెళ్తుంది, మిగతావాటి వైపు చూడదు. ఓఎస్‌ఎర్రర్ పైన రాసి ఫైల్‌నాట్‌ఫౌండ్‌ఎర్రర్ కింద రాస్తే రెండోది ఎప్పటికీ నడవదు. పైథాన్ దీనికి హెచ్చరిక కూడా ఇవ్వదు. పిల్లలు పైన, పెద్దలు కింద అని గుర్తుపెట్టుకోండి.

బ్రాకెట్ల గురించి కూడా ఒక మాట. పైథాన్ 2లో బ్రాకెట్లు లేకుండా కామా పెట్టి రెండు పేర్లు రాస్తే, రెండోది వేరియబుల్ పేరు అనుకునేది. రెండో ఎర్రర్ పట్టుబడేదే కాదు. పైథాన్ 3 దాన్ని సింటాక్స్ తప్పుగా తేల్చింది. 2025లో వచ్చిన 3.14 నుంచి యాజ్ లేనప్పుడు బ్రాకెట్లు లేకపోయినా రెండు ఎర్రర్లుగానే చదువుతుంది. అందరి దగ్గరా కొత్త వెర్షన్ ఉండదు కాబట్టి బ్రాకెట్లు పెట్టడమే మంచిది.

అయిదో మెట్టు: పేరు ఒకటే, కారణాలు వేరు

కొన్నిసార్లు పేరుతో విడదీయడం చాలదు. రేటు చార్టు రోజూ ఒక వెబ్ అడ్రసు నుంచి తెచ్చుకుంటున్నామనుకోండి. అర్ల్‌లిబ్ మాడ్యూల్‌లో సర్వర్ నుంచి ఎర్రర్ జవాబు వస్తే హెచ్‌టీటీపీఎర్రర్ వస్తుంది. 503 అంటే సర్వర్ ప్రస్తుతానికి పని చేయలేకపోతోంది, కాసేపాగి అడగొచ్చు. 404 అంటే అడ్రసే తప్పు, వెయ్యిసార్లు అడిగినా అదే జవాబు. రెండింటికీ ఎర్రర్ పేరు ఒకటే. పట్టుకుని, లోపలి కోడ్ చూసి, మనది కాకపోతే తిరిగి వదిలేయాలి.

    ఎక్సెప్ట్ హెచ్‌టీటీపీఎర్రర్ యాజ్ ఈ:
        ఇఫ్ ఈ.కోడ్ నాట్ ఇన్ (429, 502, 503, 504):
            రైజ్
        ఆగు_మళ్లీ_అడుగు()
    ఎక్సెప్ట్ (యూఆర్‌ఎల్‌ఎర్రర్, టైమ్‌అవుట్‌ఎర్రర్):
        ఆగు_మళ్లీ_అడుగు()

రైజ్ పక్కన ఏమీ రాయకపోతే పట్టుకున్న ఎర్రర్ దాని పాత ట్రేస్‌బ్యాక్‌తో సహా పైకి పోతుంది. హెచ్‌టీటీపీఎర్రర్ అనేది యూఆర్‌ఎల్‌ఎర్రర్ బిడ్డ, అందుకే పైన ఉంది. టైమ్‌అవుట్‌ఎర్రర్‌ను విడిగా రాయడానికీ కారణం ఉంది: కనెక్షన్ కుదరడంలో ఆలస్యమైతే అది యూఆర్‌ఎల్‌ఎర్రర్ లోపల చుట్టుకుని వస్తుంది, కనెక్షన్ కుదిరాక జవాబు రావడంలో ఆలస్యమైతే టైమ్‌అవుట్‌ఎర్రర్ నేరుగా వస్తుంది.

రిక్వెస్ట్స్ లైబ్రరీ వాడేవాళ్లకు ఇక్కడ వేరే గుంట ఉంది. అందులోనూ కనెక్షన్‌ఎర్రర్ అనే పేరుంది, కానీ అది పైథాన్ సొంత కనెక్షన్‌ఎర్రర్ సంతానం కాదు. ఇంపోర్ట్ చేసుకోకుండా ఉత్త కనెక్షన్‌ఎర్రర్ అని రాస్తే, నెట్ పోయినప్పుడు మీ ఎక్సెప్ట్ అసలు నడవదు. లైబ్రరీ పేరుతో సహా రాయాలి. రిక్వెస్ట్స్‌లో టైమ్‌అవుట్ మీరు ఇవ్వకపోతే ఉండదు, 404 వచ్చినా రైజ్_ఫర్_స్టేటస్ పిలిస్తే తప్ప ఎర్రర్ రాదు.

మళ్లీ అడగడం గురించి ఒక హెచ్చరిక. రేటు చదవడం లాంటి పనిని ఎన్నిసార్లు చేసినా నష్టం లేదు. డబ్బు పంపే పనిని మాత్రం టైమ్‌అవుట్ వచ్చిందని గుడ్డిగా మళ్లీ చేయకూడదు. జవాబు రాలేదంటే పని జరగలేదని అర్థం కాదు. మొదటిసారే డబ్బు వెళ్లిపోయి ఉండొచ్చు.

ఆరో మెట్టు: సొంత ఎర్రర్‌కు సొంత పేరు

పైథాన్ ఇచ్చే పేర్లు భాషకు సంబంధించినవి, మన పనికి సంబంధించినవి కావు. "ఈ ఫ్యాట్‌కు రేటు లేదు" అనేది పాల కేంద్రం వాళ్ల భాషలో స్పష్టమైన సమస్య. దాన్ని కీఎర్రర్ అని పైకి పంపితే పిలిచినవాళ్లు గుర్తుపట్టలేరు.

    క్లాస్ రేటులేదు(ఎక్సెప్షన్):
        పాస్

    డెఫ్ బిల్లు(లీటర్లు, ఫ్యాట్):
        ట్రై:
            రేటు = చార్టు[ఫ్యాట్]
        ఎక్సెప్ట్ కీఎర్రర్ యాజ్ ఈ:
            రైజ్ రేటులేదు(ఫ్యాట్) ఫ్రమ్ ఈ
        రిటర్న్ లీటర్లు * రేటు

ఫ్రమ్ ఈ అని రాయడం వల్ల ట్రేస్‌బ్యాక్‌లో రెండు ఎర్రర్లూ కనిపిస్తాయి, మొదటిది రెండోదానికి కారణమని కూడా రాసి ఉంటుంది. సొంత ఎర్రర్‌ను బేస్‌ఎక్సెప్షన్ నుంచి కాక ఎక్సెప్షన్ నుంచే పుట్టించండి.

ఎర్రర్ రావాల్సిన చోట రాకపోవడం కూడా ఉంటుంది. ఫ్యాట్ గడిలో ఇంగ్లీషులో "నాన్" అని మూడక్షరాలుంటే ఫ్లోట్ దాన్ని నిరాకరించదు, అంకె కాని అంకెగా తీసుకుంటుంది. ఆ తర్వాత మొత్తం కూడికంతా నాన్ అయిపోతుంది. కాబట్టి ఫ్లోట్ అయ్యాక ఇలా ఒక పరీక్ష పెట్టి, మనమే వాల్యూఎర్రర్ రేపాలి. నాన్‌ను పెద్దదా చిన్నదా అని దేనితో పోల్చినా జవాబు అబద్ధమే కాబట్టి అది కూడా ఇందులో దొరుకుతుంది.

    ఇఫ్ నాట్ 0 < ఫ్యాట్ < 15:
        రైజ్ వాల్యూఎర్రర్("ఫ్యాట్ నమ్మేలా లేదు")

ఈ రెండు లైన్లనూ నాలుగో మెట్టులోని ట్రైలో ఫ్యాట్ లైను కిందే పెట్టండి, తప్పుల జాబితాలోకి అదే దారిన వెళ్తుంది. బయట పెడితే ఒక్క చెడ్డ గడికి స్క్రిప్టు మొత్తం ఆగుతుంది.

ఫైనల్లీ గురించి ఎక్కువ చెప్పను. ఎర్రర్ వచ్చినా రాకపోయినా చేయాల్సిన సర్దుడు అందులో ఉంటుంది. ఫైళ్లకైతే విత్ వాడితే చాలు. ఒక్కటి మాత్రం గట్టిగా చెప్పాలి: ఫైనల్లీలో రిటర్న్ రాయకండి. పైకి పోతున్న ఎర్రర్‌ను అది చప్పుడు లేకుండా మాయం చేస్తుంది. 3.14 నుంచి పైథాన్ కూడా దీనికి హెచ్చరిక ఇస్తోంది.

ఏడో మెట్టు: అన్నిటికంటే బయట ఒక్క వల

ఎక్సెప్షన్ అనే పెద్ద పేరును పట్టుకోవడానికి తగిన చోటు ఒకటుంది. మెయిన్ ఫంక్షన్‌ను పిలిచే చోట, అన్నిటికంటే బయట.

    ట్రై:
        మెయిన్()
    ఎక్సెప్ట్ ఎక్సెప్షన్:
        లాగింగ్.ఎక్సెప్షన్("బిల్లు మధ్యలో ఆగింది")
        సిస్.ఎగ్జిట్(1)

లాగింగ్‌లోని ఎక్సెప్షన్ ఫంక్షన్ ట్రేస్‌బ్యాక్ మొత్తాన్ని లాగ్‌లో రాస్తుంది. ప్రింట్‌తో సందేశం మాత్రమే రాస్తే ఏ లైను దగ్గర ఆగిందో పోతుంది. ఎగ్జిట్ కోడ్ 1 ఇవ్వడం వల్ల ఈ స్క్రిప్టును రోజూ నడిపే క్రాన్‌కు గానీ, విండోస్ టాస్క్ షెడ్యూలర్‌కు గానీ పని చెడిందని తెలుస్తుంది. 0తో ముగిస్తే అంతా సవ్యంగా జరిగిందనే వాటి లెక్క.

ఎనిమిదో మెట్టు: ఎక్సెప్ట్‌లకూ పరీక్ష రాయండి

ఎక్సెప్ట్ లోపలి కోడ్ రోజూ నడవదు. అందులో వేరియబుల్ పేరు తప్పు రాసినా నెలల తర్వాత, అసలైన సమస్య వచ్చిన రోజే బయటపడుతుంది. ఆ టెన్షన్‌లో ఇంకో ఎర్రర్ ఎవరికీ అక్కర్లేదు. "6.5 లీ", ఖాళీ గడి, తెగిన వరుస, నాన్, చార్టులో లేని ఫ్యాట్ ఒక్కొక్కటి ఉన్న చిన్న సీఎస్‌వీ తయారుచేసి పెట్టుకోండి. వాటిలో మొదటి నాలుగూ తప్పుల జాబితాలో చేరాయో లేదో, అయిదోది రేటులేదు అని ఆగిందో లేదో చూసే పరీక్షలు రాయండి.

పరీక్షలు నడిపే పైటెస్ట్‌లో, ఫలానా ఎర్రర్ రావాలని చెప్పే రైజెస్ వాడేటప్పుడు కూడా ఇదే జాగ్రత్త పనికొస్తుంది. ఎక్సెప్షన్ వస్తే చాలని రాస్తే, వేరియబుల్ పేరు తప్పడం వల్ల నేమ్‌ఎర్రర్ వచ్చినా పరీక్ష పాసవుతుంది. సరైన పేరు రాసి, మ్యాచ్‌లో సందేశంలోని ఒక మాట కూడా ఇవ్వండి. పాత కోడ్‌లో పేరు లేని ఎక్సెప్ట్‌లు ఎక్కడెక్కడున్నాయో వెతకడానికి రఫ్ అనే లింటర్‌లో (కోడ్‌ను నడపకుండానే లోపాలు చూపించే సాధనం) ఈ722 నియమం ఉంది. ఎక్సెప్షన్‌ను ఊరికే పట్టుకున్న చోట్లను బీఎల్‌ఈ001 చూపిస్తుంది. పాత ప్రాజెక్టును బాగుచేయాలంటే ఆ చూపించిన చోట్లలో డబ్బుకు, సేవ్ చేసే డేటాకు దగ్గరగా ఉన్నవాటితో మొదలుపెట్టండి.